గళ్ళ పిడి

నర్సింగ్‌కి ఇంటినుంచి మాటలు నింపిన క్యాసెట్ వచ్చింది. అందులో పెళ్ళాం సునీత ఏడవలేదు, తిట్టలేదు. "ఈ ఎండాకాలంల రాకుంటె పంచాయతిల ఇడుపుకాయితం తీసుకుంట. మా నాయిన వేరే సంబంధం చూసిండు" అని నింపాదిగా చెప్పి ఊరుకుంది. పెళ్ళిపందిరి విప్పకముందే విమానం ఎక్కిన మొగుడి కోసం ఏ ఆడదైనా ఎన్నేళ్ళని కూర్చుంటుంది?

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. అరబ్బు దేశంలో, ఇబ్రా అనే ఊళ్ళో అతను పనిచేసే వడ్రంగి షాపులో పని పలచబడింది. పనివాళ్ళు ఇద్దరే, నర్సింగూ గంగన్నా. ఇద్దరూ నిర్మల్ దిక్కువాళ్ళే. నర్సింగ్‌కి ఉలి పట్టడం నేర్పిందీ, వీసా ఇప్పించి పిలిపించిందీ గంగన్నే. ఇద్దరి పాస్‌పోర్టులూ యజమాని దగ్గరే. ఆయన్ని అందరూ అర్బాబు అంటారు.

ఊరికి పంపమని ఎలా అడగాలా అని నర్సింగ్ తల పట్టుకుని ఉంటే, అర్బాబే ఇద్దరినీ పిలిచాడు. గురిపోటీల కోసం ఆయన పిస్తోలును తన ముచ్చట కొద్దీ చేయించుకుంటున్నాడు. అన్నీ అయ్యాయి, పిడికి రెండువైపులా బిగించే చెక్కలే మిగిలాయి. వాటిని నున్నగా ఉంచాలా, చేప పొలుసులు చెక్కించాలా, గళ్ళు కొట్టించాలా తేలడం లేదు.

అర్బాబు అరబ్బీని డ్రైవర్ మజహర్ హిందీలో చెప్పాడు. చెరో జత చెయ్యాలి. చెక్కుడు ఎవరిష్టం వాళ్ళది. ఒకణ్ణి ఇంటికి పంపుతాడు. ఎవరినన్నది పని చూసి తేలుస్తాడు.

నర్సింగ్‌కి దేవుడే దిగొచ్చినట్టయింది. అంతలోనే పోటీ ఎవరితోనో గుర్తొచ్చింది. గంగన్న పనితనం ముందు తనదెంత, సూర్యుడి ముందు దివిటీ. తన గోడు చెప్పుకుంటే గంగన్న తప్పుకునేవాడే. కానీ పెళ్ళాం వదిలేస్తానందని ఏ మగాడు నోరు విప్పుతాడు?

అయితే గంగన్నకు తెలియని సంగతొకటి అతనికి తెలుసు. అర్బాబు తోటలో తలుపు బిగించబోయినప్పుడు చూశాడు. అర్బాబుకి అరచేతులు ఒకటే చెమట. పేల్చినప్పుడల్లా పాత పిస్తోలు జారుతోందని విసుక్కున్నాడు.

గంగన్న తన చెక్క మీద గళ్ళు గీయబోతుంటే పక్కన చేరాడు.

"గళ్ళు వద్దన్నా. అర్బాబుకు మెరుగంటె పానం. అద్దం లెక్క ఉండాల్నని మజహర్‌తోని అంటుంటె విన్న."

"మరి నువ్వేం చేస్తవ్‌రా?"

"పాలిష్ నీ లెక్క నాకు రాదు గద. ఏవో గళ్ళు కొడత."

గంగన్న నమ్మాడు. పైగా పిచ్చి మారాజు, గళ్ళు వంకరపోకుండా ఉంటాయని తన సన్న ఉలి కూడా ఇచ్చాడు. ఆ ద్రోహి అదీ అందుకున్నాడు. పెళ్ళాం దక్కాలంటే గురువు గొంతు కోయక తప్పదనుకున్నాడు.

కానీ ప్రాణం పెట్టి చేశాడు. ప్రతి గడీ మొనదేలింది. పట్టుకుంటే అరచేయి వదలనంది. జన్మలో అంత మంచి పని అతను చెయ్యలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో, అర్బాబు తోటలో పరీక్ష. ముందు గంగన్న చెక్కలు బిగించారు. వాటిలో మొహం చూసుకోవచ్చు. అర్బాబు పేల్చాడు. పిస్తోలు చెమట చేతిలోంచి జారి ఇసుకలో పడింది. ఆయన మొహం మాడిపోయింది. గంగన్న తల దించుకున్నాడు. అయినా నర్సింగ్ చెక్కలు బిగించడానికి మరలు తనే విప్పాడు.

తర్వాత నర్సింగ్ చెక్కలు. మొద్దు మీద పెట్టిన డబ్బాలు వరసగా ఎగిరిపడ్డాయి. అర్బాబు ఆ పిడిని ముద్దు పెట్టుకున్నాడు. నర్సింగ్ మనసు అప్పటికే నిర్మల్ బస్టాండులో దిగింది. ఆ సంతోషంలో గంగన్న వైపు చూడనైనా లేదు.

అర్బాబు జేబులోంచి ఒక పాస్‌పోర్టు తీశాడు. నర్సింగ్ రెండు చేతులూ చాచాడు.

ఆ చేతుల్ని అర్బాబు ఆప్యాయంగా నొక్కి వదిలి గంగన్న వైపు నడిచాడు, మజహర్ నర్సింగ్ భుజం మీద చరిచి నవ్వుతూ అన్నాడు: "ముబారక్ భాయ్, షాపులో ఇక ఒక్కడికే పని, అర్బాబు నిన్ను ఉంచుకుని ఆ చేతకానివాణ్ణి ఇంటికి పంపేస్తున్నాడు."