పోలిక కోసం ఎంచుకున్న ఊరు

“పాము కరిస్తే ఏం చేస్తరవ్వా?” అని గొల్లపల్లిలో కొమురవ్వను అడిగాను.

“మంత్రం పెట్టిస్తం,” అంది.

అదే సర్వే కాగితంలో రాసుకున్నాను. పాముకాటు మీద మేం శిక్షణ ఇచ్చింది చందుర్తిలో. దాని ఫలితం తేల్చడానికి శిక్షణ లేని గొల్లపల్లితో పోలుస్తున్నాం. ఇక్కడ ఎవరికీ ఏమీ నేర్పరాదని మా శాస్త్రం.

అంతలో నేను కూర్చున్న కట్టెల మోపులోంచి పాము వచ్చి నా మడమ మీద కాటేసింది. శాస్త్రమంతా చెమటలో కొట్టుకుపోయింది.

“మంత్రం వద్దవ్వా, సచ్చిపోత!” అని ఏడ్చాను.

“నాకెరుకలేదా కొడుకా? కాలు కదపకు. ఆటోల జగిత్యాల దవాఖానకు పోదాం. చందుర్తిల ఉండే మా చెల్లె అన్నీ చెప్పింది.”

“మరి మంత్రమని ఎందుకన్నవ్?”

“ఎరుకేనని చెప్తే మా ఊర్ల ట్రైనింగ్ పెడ్తరా?”