ఏడు, తొమ్మిది, పదిహేడు

"సార్, ఆడ మైనస్ రావల్ల."

బోర్డు మీద రాస్తున్న లెక్చరరు ఆదెప్ప చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరగకుండానే అడిగాడు. "ఎవరబ్బా అది?"

"నాగప్ప సార్. ధర్మవరం."

"యాడ రావల్ల మైనస్?"

నాగప్ప లేచి నిలబడి చెప్పాడు. మూడో వరసలోనే గుర్తు మారిపోయింది, అక్కణ్ణించి కిందిదంతా తప్పు. ముప్పైమందీ బోర్డు వైపు చూశారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆదెప్ప బోర్డంతా తుడిచేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. ఆ వారంలో అట్లా జరగడం అది మూడోసారి.

1941 ఎండాకాలం అది. మార్చిలో ఇంటర్మీడియట్ తప్పినవాళ్ళకు లెక్కలూ ఫిజిక్సూ మళ్ళీ చెప్పడానికి కాలేజీవాళ్ళు పెనుకొండలో ఆరువారాల క్లాసులు పెట్టారు. ఆఖర్న ఒక పరీక్ష ఉంటుంది. అందులో నెగ్గినవాళ్ళకే సెప్టెంబరు పరీక్షకు కూర్చునే చీటీ ఇస్తారు. నాగప్ప మార్చిలో తప్పింది చదవక కాదు, విషజ్వరం వచ్చి. ఈసారి చీటీ రాకపోతే మగ్గం గుంతలోకి దిగాల్సిందేనని వాళ్ళ నాయన చెప్పి పంపాడు.

హిందూపురం చెన్నకేశవులుకు నాగప్పంటే మంట. నాగప్ప తప్పు పట్టిన ప్రతిసారీ ఆదెప్ప మర్నాడు అందరికీ ఇరవై లెక్కలు ఎక్కువ ఇస్తున్నాడు. పరీక్ష ఇంకో వారముందనగా చెన్నకేశవులు, తన గదిలో ఉండే ఈరన్నతో కలిసి ఒక దొంగ పేపరు తయారుచేశాడు. పాత పుస్తకాల్లోంచి అయిదు లెక్కలు తీశారు. ఆరోది చెన్నకేశవులే కల్పించాడు.

"ఒక త్రిభుజం భుజాలు ఏడు, తొమ్మిది, పదిహేడు. వైశాల్యం కనుక్కో."

ఈరన్న వేళ్ళమీద లెక్కపెట్టాడు. "చిన్నవి రెండూ కలిపినా పదహారే గదప్పా. కొసలు యాడ కలుస్తాయి? అట్లాంటి త్రిభుజమే ఉండదు."

"ఉండదు. వారమంతా గీస్తా కూచోనీలే."

సోమవారం మధ్యాన్నం భోజనాల తర్వాత చెన్నకేశవులు నాగప్పను గోడచాటుకు పిలిచాడు. "సార్ సొరుగులో దొరికిందబ్బా, పరీక్ష పేపరు. పాపం జరమొచ్చి తప్పినోడివని నీకు ఇస్తాండా. నా పేరు మాత్రం ఎవరికీ చెప్పొద్దు."

నాగప్ప కాగితం చదివాడు. ముఖం పాలిపోయింది. "చెప్పనులే," అని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారమంతా మిత్రులిద్దరూ వాణ్ణి కనిపెట్టి ఉన్నారు. నాగప్ప త్రిభుజాలు గీస్తూ జుట్టు పీక్కోలేదు. ఎప్పట్లాగే చదువుకున్నాడు, ఎప్పట్లాగే తిన్నాడు.

పరీక్షనాడు చెన్నకేశవులు పేపరు విప్పి ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. ఆరు లెక్కలూ తను రాసినవే. ఆరోది ఏడు, తొమ్మిది, పదిహేడు. పక్క బల్ల నుంచి ఈరన్న భయంగా చూశాడు. ఇద్దరికీ జవాబు తెలుసు. ఇద్దరూ ఆ లెక్కను ముట్టలేదు.

రెండురోజుల తర్వాత ఆదెప్ప జవాబుల కట్టతో వచ్చాడు. నాగప్పను ముందుకు పిలిచి నిలబెట్టాడు.

"నూటికి నూరు. ఆరో లెక్క కాడ మీరంతా గంటసేపు కొట్టుకున్నారు. ఈయప్ప 'ఇట్లాంటి త్రిభుజం లేదు' అని ఒక్క వరసలో రాసేసినాడు. ముందే చూడకుంటే ఎట్లా తెలుస్తాది?" జేబులోంచి ఒక కాగితం తీసి అందరికీ చూపించాడు. "ఇది వీని పుస్తకంలో దొరికింది."

అది చెన్నకేశవులు చేతిరాతే. అతను తల దించుకున్నాడు.

"ఎవరిచ్చినారు?" అన్నాడు ఆదెప్ప.

నాగప్ప ఆయన చేతిలోని కాగితం వైపు చూశాడు.

"పేరు చెప్తావా లేదా?"

"నా సంగతి మీకు తెలుసు గదా సార్."

ఆదెప్ప వాడి చెంప మీద కొట్టాడు. నాగప్ప కాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత వంగి, ఆ దెబ్బకు కిందపడిన తన పుస్తకాలు ఏరుకున్నాడు. ఆ పూటే వాడి పేరు కొట్టేశారు. ఇంక ఏ కాలేజీలోనూ చేర్చుకోకుండా రాసి పంపుతామన్నారు.

గేటు దగ్గర చెన్నకేశవులు ఎదురుపడ్డాడు. నాగప్ప ట్రంకుపెట్టె భుజం మార్చుకుని, "నీ పేరు చెప్పలేదులేప్పా, దిగులుపడొద్దు," అని స్టేషను దోవ పట్టాడు.

చెన్నకేశవులు అన్నం తినలేకపోయాడు. ధర్మవరం రైలు కూత వినబడ్డాక ఇంక ఉండబట్టక ఆదెప్ప గదికి వెళ్ళాడు. ఆయన మంచం మీద కూర్చుని వార్తాపత్రిక చదువుకుంటున్నాడు.

"సార్, నాగప్ప తప్పేం లేదు. ఆ కాగితం నేనే రాసినా. తమాషాకు కల్పించి ఇచ్చినా. నన్ను తీసేయండి, వాణ్ణి పిలిపించండి."

"నువ్వా రాసింది?" ఆదెప్ప తల ఎత్తలేదు. "దొంగ పేపరని మాత్రం నాకు అప్పుడే తెలుసు. నేను రాసిపెట్టుకున్న దాంట్లో త్రిభుజమే లేదబ్బా."

చెన్నకేశవులు అయోమయంగా చూశాడు. "మరి అదే పరీక్షలో ఇచ్చినారు గదా సార్. వాని పుస్తకంలో దొరికిందంటిరి."

"పుస్తకంలో దొరకలేదు. సోమవారం సాయంత్రమే వాడే తెచ్చి నా చేతికిచ్చినాడు. పేపరు బయటికి పోయింది, మార్చండి సార్ అన్నాడు."

ఆదెప్ప పేజీ తిప్పాడు.

"మార్చినా."