సారుకొక సిగరెట్టు

"నోట్లోనే పెట్టుకోవద్దబ్బా, లోపలికి పీల్చు," అన్నాడు సిగరెట్ల బంకు నాగప్ప.

జావీద్ పీల్చాడు. పేగులు నోట్లోకి వచ్చినంత పనైంది.

"ఇంత తిప్పలు పడి ఎందుకప్పా తాగేది?"

"మా ఫ్యాక్టరీలో సూపర్వైజరు పోస్టు ఖాళీగా ఉండాది," అన్నాడు జావీద్ కళ్ళు తుడుచుకుంటూ.

హిందూపురం శివార్లలోని ఆ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు మిషన్ల దగ్గర చస్తుంటే, పైకొచ్చేవాళ్ళు గేటు బయట పొగలోంచి వస్తారని అతని నమ్మకం. మేనేజరు బసవరాజు సిగరెట్టు కాల్చేది అక్కడే. ఆయన పక్కన దగ్గకుండా నిలబడగలిగితే తక్కిన అర్హతలు వాటంతటవే వస్తాయి. ప్యాకింగ్‌లో పనిచేసే అశోక్ టీకి కూడా లేచేవాడు కాదు. ఆ అమాయకుణ్ణి చూస్తే జావీద్‌కు జాలేసేది.

కొన్ని నెలల్లో జావీద్ చెయ్యి తిరిగిన పొగరాయుడయ్యాడు. ఇంట్లో భార్య సమీనా ముక్కు మూసుకుంది.

"పోస్టు రానీ, ఆ పొద్దే మానేస్తా."

"రాకపోతే?"

అపశకునం మాట్లాడొద్దన్నాడు. అయినా మాట పడ్డందుకు ఒక ఆదివారం మాని చూశాడు. మధ్యాహ్నానికే భార్య మీదా, బిర్యానీ మీదా అరిచి, చెప్పులు కూడా వేసుకోకుండా బంకుకు పరిగెత్తాడు.

మేనేజరు సారు మాత్రం మహా మర్యాదస్తుడు. ప్యాకెట్టు చాపితే "వద్దులేబ్బా" అనేవాడు. పెద్దవాళ్ళు మొదటిసారే తీసుకోరని జావీద్‌కు తెలియదా? మళ్ళీ చాపి, లైటరు కూడా వెలిగించి పట్టుకునేవాడు. సారు నిట్టూర్చి అందుకునేవాడు. కొన్నాళ్ళకు సారు గేటు వదిలి వెనక స్క్రాప్ షెడ్డు చాటుకు పోసాగాడు. నలుగురిలో కాకుండా తనతో ఏకాంతంగా మాట్లాడాలనే కాబోలని జావీద్ పొంగిపోయి అక్కడికీ వెళ్ళాడు. ఆ తర్వాత సారు గదిలోంచే కదలకుండా లవంగాలు నమలడం మొదలుపెట్టాడు. పాపం పని ఒత్తిడి అనుకుని, సాయంత్రాలు కారు దగ్గర కాపు కాసి మరీ అందించాడు.

చివరికి సారు గదిలోంచి పిలుపొచ్చింది. సమీనాకు ఫోన్ చేసి "స్వీటు తెప్పించు" అని చెప్పి లోపలికి పోయాడు.

"సూపర్వైజరుగా అశోక్‌ను వేసినాం," అన్నాడు బసవరాజు, కిటికీ వైపు చూస్తూ. "నువ్వు సోమవారం నుంచి ధర్మవరం గోడౌనుకు పోవల్ల."

జావీద్‌కు ఏడుపొచ్చింది. జీతం అదే, పైగా రోజూ రైలు ప్రయాణం.

"నేనేం తప్పు చేసినా సార్?"

అంటుండగానే అలవాటైన చెయ్యి జేబులోంచి ప్యాకెట్టు తీసి సారు ముందుకు చాపింది. సారు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"డాక్టరు నన్ను సిగరెట్లతో పాటు నిన్నూ మానేయమన్నాడబ్బా."