పారబోసిన నీళ్ళు

"వీడు చాలు! ఇంకెవర్నీ వెతకక్కర్లేదు," అన్నాడు కెప్టెన్ నూరి, టీ గ్లాసు చేతిలోంచి దించకుండానే.

చెక్‌పోస్టు ముందు పాత నీలం రంగు పికప్ బండి ఒకటి ఆగి ఉంది. పక్కనే ఇసుకలో ఒక ముసలాయన చతికిలబడ్డాడు. పేరు తోగోయి అన్నాడు. ఊరేదని అడిగితే దక్షిణం వైపు చెయ్యి చూపించాడు. అటువైపు ఉన్నదంతా ఎడారే.

సార్జెంట్ మిఫ్తాహ్ బండి చుట్టూ తిరిగి చూశాడు. బండి వెనక తొట్టి అంచుల వెంబడి కర్రలు దిగగొట్టి ఉన్నాయి. మనుషుల్ని దొంగతనంగా సముద్రం దాకా చేరవేసే బళ్ళకే అలాంటి కర్రలుంటాయి, అంచున కూర్చున్నవాళ్ళు పట్టుకోవడానికి. సీటు కింద ఆడవాళ్ళ చెప్పులు, ఒక పసిబిడ్డ టోపీ దొరికాయి.

తొట్టి నిండా మాత్రం నీళ్ళ డబ్బాలే.

అప్పటికి రాజధాని నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఈ దేశంలో మనుషుల్ని సంతలో పశువుల్లా అమ్ముతున్నారని విదేశాలవాళ్ళు నివేదిక రాసి ప్రపంచమంతా చాటారు. మొదట మంత్రిగారు "అంతా కట్టుకథ" అన్నారు. తర్వాత "ఉక్కుపాదం మోపుతున్నాం" అన్నారు. మరి ఆ పాదం కింద పడటానికి ఎవరో ఒకరు దొరకాలిగా! గురువారం టీవీవాళ్ళు వస్తున్నారు. అందాకా సముద్రం వైపు రోడ్డు మూసేసి, ఎడారిలో జీపులు తిప్పుతున్నారు.

అసలు ఆ వ్యాపారం ఎవరిదో ఊళ్ళో మేకలు కాసేవాళ్ళకు కూడా తెలుసు. హాజీ అజ్వైలీది. ఆయన కెప్టెన్‌కి స్వయానా బావమరిది.

"సారూ, హాజీగారి బళ్ళు..." అని నసిగాడు మిఫ్తాహ్.

"హాజీగారి బళ్ళు ఖర్జూరాలు మోస్తాయి. నీకు ఆడపిల్లలున్నారు కదూ? బుద్ధిగా ఉద్యోగం చేసుకో."

మిఫ్తాహ్ సంకెళ్ళు తెచ్చి ముసలాయన చేతులకు వేశాడు.

కెప్టెన్ ముసలాయన వైపు తిరిగాడు.

"ఎవర్ని మోస్తున్నావురా?"

"ఎడారిలో మిగిలిపోయినవాళ్ళని."

"ఎవరు పంపిస్తే వెళ్తున్నావు?"

"ఎవరూ పంపరు."

"ఓహో! అయితే షికారుకి వెళ్తున్నావన్నమాట!" కెప్టెన్ పకపకా నవ్వాడు. "మనుషుల్ని మోస్తున్నానని వాడే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి?"

గురువారం టీవీవాళ్ళు వచ్చారు. కెమెరా పట్టుకున్నవాడు డబ్బాల్ని చూసి పెదవి విరిచాడు.

"నీళ్ళు చూపిస్తే నేరంలా ఏం కనపడుతుంది సారూ?"

"ఖాళీ చేసి వరసగా పేర్చండ్రా," అన్నాడు కెప్టెన్. "పెట్రోలు డబ్బాలని చెబుదాం."

అంతవరకూ దెబ్బలు తిన్నా కిక్కురుమనని ముసలాయన ఒక్కసారిగా లేచాడు.

"అయ్యో, నీళ్ళు! నీళ్ళు పారబొయ్యకండి నాయనా, మీ కాళ్ళు పట్టుకుంటా!"

ఆ ఊళ్ళో బియ్యం కడిగిన నీళ్ళు కూడా మేకలకే పోస్తారు. మిఫ్తాహ్ ఇంట్లోనూ అంతే. అయినా డబ్బా వంచాడు. ఇసుక గుటుక్కున తాగేసింది.

ముసలాయన సంకెళ్ళతోనే అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నన్నేం చేసుకుంటారో చేసుకోండి. మీరు రోడ్డు మూసేశారు కదా, మనుషుల్ని అమ్మే బళ్ళవాళ్ళు ఇప్పుడు చుట్టుదారిన పోతారు. మీ జీపు దుమ్ము కనపడితే చాలు, జనాన్ని దింపేసి పారిపోతారు. ఆ దారిలో ఉన్న ఎండిన బావి దగ్గరికి ఎవరైనా వెళ్ళాలి. నువ్వెళ్ళు నాయనా. ఈ బండిలోనే వెళ్ళు."

"బండి విడిపించుకోవడానికి ఎన్ని ఎత్తులేస్తున్నాడో చూడు!" అన్నాడు కెప్టెన్.

సాయంత్రానికి ముసలాయన్ని విమానంలో రాజధానికి పంపేశారు. మంత్రిగారు అతన్ని పక్కన నిలబెట్టుకుని మాట్లాడారు. విదేశాలవాళ్ళు సంతృప్తి ప్రకటించారు. కెప్టెన్ అందరికీ స్వీట్లు పంచాడు.

శుక్రవారం మిఫ్తాహ్ భోజనం మధ్యలోనే లేచిపోయాడు.

మనుషుల్ని అమ్ముకునేవాడు అన్ని నీళ్ళు మొయ్యడు. డబ్బా పెట్టే చోట ఇంకో మనిషిని కుక్కుతాడు. ఆ ఊళ్ళో పుట్టినవాడికి ఇది తెలియని సంగతి కాదు. తెలిసే నోరు మూసుకున్నాడు. తన చేతులు చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

తెల్లారి కెప్టెన్‌తో చెప్పకుండా నీలం బండి తాళాలు తీసుకున్నాడు. మసీదు కుళాయి దగ్గర డబ్బాలన్నీ నింపాడు. దారి పొడుగునా, అక్కడ ఎవరూ ఉండకూడదని దేవుణ్ణి వేడుకుంటూనే ఉన్నాడు.

కానీ ఉన్నారు.

ఎండిన బావి గోడ నీడలో వరసగా కూర్చుని ఉన్నారు. ఎక్కువమంది కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పోయారు. అందరి మొహాలూ దారివైపే ఉన్నాయి.

ఉత్తరాన ఇసుకదిబ్బల అవతల నీళ్ళున్న బావి ఉంది. అక్కడుందని ఆ దారిన పోయేవాళ్ళందరికీ తెలుసు. చల్లపూట బయల్దేరితే గట్టివాళ్ళు చేరుకోగలిగేదే. కానీ అటువైపు ఒక్క అడుగుజాడ కూడా లేదు.

"ఎందుకిలా కూర్చుండిపోయారు? నడవొచ్చు కదా!" మిఫ్తాహ్ పిచ్చివాడిలా అరిచాడు.

వరస చివర ఎవరో మూలిగారు. పరిగెత్తి వెళ్ళాడు. బక్కచిక్కిన పిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు. గుడ్డ తడిపి పెదాలు తడిపాడు. కాసేపటికి కళ్ళు తెరిచింది. అతన్ని చూడలేదు. అతని వెనకాల ఉన్న నీలం బండినే చూసింది. ఎండిపోయిన ఆ మొహంలోకి నవ్వు వచ్చింది.

పక్కన ఒరిగిపోయి ఉన్న ఆడమనిషి భుజం మీద మెల్లగా తట్టి, వచ్చీరాని అరబ్బీలో అంది.

"లే అక్కా... దారిలో అందరూ చెప్పారుగా, ఎండిన బావి దగ్గర కదలకుండా కూర్చుంటే నీలం బండి తాత తప్పకుండా వస్తాడని!"