పొద్దెక్కినా ఆరని మంచు

“సార్, జెర సూసి అడుగు వెయ్యండ్రి. మీ కాళ్ల కాడనే ఉన్నయి,” అంది చంద్రిక.

పెద్దాయన ఆగి, చెప్పులు విడిచి గట్టు మీద పెట్టాడు. మొక్కల పట్ల అంత మర్యాద చూపిన మనిషి జిన్నారం చుట్టుపక్కల ఆమెకు ఇంతవరకు తారసపడలేదు.

పాశమైలారంలోని ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే చంద్రికకు ఆదివారాలన్నీ ఇలాంటి తడి నేలల మీదే గడుస్తాయి. వృక్షశాస్త్రం లెక్చరర్ ఒకాయన సంగారెడ్డి నుంచి పదింటికి వస్తానని ఫోనులో మాట ఇచ్చాడు. సరిగ్గా పదింటికి ఆటో దిగిన పెద్దాయనకు నమస్కరించి, కుశలప్రశ్నలతో కాలం పోగొట్టకుండా నేరుగా ఇక్కడికి నడిపించుకొచ్చింది. రేపు పొద్దున ఈ చెలకను చదును చేయడానికి జేసీబీ వస్తుంది. గోదాం కడతారట. మొక్కల సంగతి తెలిసిన మనిషి చూసి సంతకం పెడితే తప్ప, ఇక్కడ అరుదైన మొక్క ఉందంటే ఆమె మాట ఎవరూ నమ్మరు.

“ఏది, ఈ ఎర్రగున్నదా?” పెద్దాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. “నాచు లెక్కుంది.”

పరీక్ష మొదలైందనుకుంది చంద్రిక.

“నాచు గాదు సార్. రూపాయి బిళ్లంత గుండ్రం, గరిటె లెక్క ఆకులు, ఆకు నిండ వెంట్రుకలు, ఒక్కోదాని కొనకు ఒక్కో బొట్టు. డ్రాసెరా బర్మన్నై. పురుగుల్ని తింటది.”

“ఆ బొట్టు మంచుది గావచ్చు.”

“పదిన్నరైంది సార్. పక్క గడ్డి మీద మంచు ఉన్నదా?”

పెద్దాయన గడ్డిని అరచేత్తో నిమిరాడు. పొడిగా ఉంది. ఒక పోచ తెంపి, ఆకు మీది బొట్టుకు తాకించి పైకెత్తాడు. సన్నని దారం సాగింది.

“జిగురు,” అన్నాడు మెల్లగా. “అయితే మాత్రం? పురుగు అతుక్కొని సస్తే తిన్నట్టేనా?”

ఆ అనుమానం ఆమెకు నచ్చింది. “ఈ దోమను సూడండ్రి. ఇప్పుడే దొరికింది. చుట్టున్న వెంట్రుకలు ఎటు వంగుతున్నయో మీరే చెప్పుండ్రి.”

ఆయన చాలాసేపు కదలకుండా చూశాడు. వెంట్రుకలు ఒక్కొక్కటే దోమ మీదికి వాలాయి.

“నేలల సత్తువ లేదు సార్. అందుకే పురుగుల నుంచి తీస్కుంటది. ఎరువేసిన చోట ఇది బతకదు.”

“సత్తువ లేదన్నది నిజమే. ఇక్కడ జొన్న గూడ నిలవదు. పనికిరాని జాగ అంటరు.”

“అందుకే ఇవి మిగిలినయి.”

“ఎంత జాగ కావాలె వీటికి?”

“రెండు గుంటలు. తడి ఉన్నంత మేర. మీరు రాసిస్తే ఈ చెలక పట్టాదారును బతిమాలుకుంట. గాని మొండోడట సార్, ఎవ్వరి మాట వినడట.”

“ఎవరన్నరు?”

“ఊరంత అంటున్నరు.”

పెద్దాయన మీసాల చాటున నవ్వాడు. “గడ్డిపోచంత మొక్కకు ఇన్ని రుజువులు చూపిస్తివి. మనిషి సంగతి మాత్రం ఊరు చెప్తే నమ్మితివా బిడ్డా?”

చంద్రిక తల వంచుకుని, సంచిలోంచి అచ్చు వేయించిన కాగితం తీసి అందించింది. “పేరు, హోదా, సంతకం సార్.”

ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అడుగున ఖాళీలో, ‘ఈ రెండు గుంటల్లో జేసీబీ పెట్టరాదు’ అని తనంతట తానే చేర్చాడు.

“గంత గట్టిగ రాస్తే చెల్లుతదా సార్?”

“చెల్లుతది,” అంటూ ఆయన పేరు రాసి, సంతకం పెట్టాడు.

హోదా అని ఉన్నచోట ‘పట్టాదారు’ అని రాశాడు.