అందేంత ఎత్తు

సూపర్‌మార్కెట్లో బిల్లు కౌంటర్ పక్క అరలోంచి లాక్కున్న చాక్లెట్టుని పిల్లాడు వదలట్లేదు.

"పెట్టెయ్ నాన్నా. పుచ్చిపన్ను పీకించి వారమైనా కాలేదు," అంది తల్లి.

వాడు నేలమీద కూలబడి ఏడుపు లంకించుకున్నాడు. వెనక వరసలో ఓ పెద్దావిడ, "కనగానే సరా, అదుపులో పెట్టుకోవద్దూ?" అంది.

తల్లికి తల కొట్టేసినట్టయింది. వాడి వీపు మీద ఒక్కటేసింది. ఇంకోటి వెయ్యడానికి చెయ్యెత్తింది.

"ఊరుకో అక్కా," అంది బిల్లు కొట్టే అమ్మాయి, గొంతు తగ్గించి. "వాడేం చేస్తాడు? పొద్దున డ్యూటీలో ఆ అర అక్కడ బిగించింది నువ్వే కదా."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

పొద్దున మేనేజరు అడిగాడు. "చాక్లెట్లు పిల్లల చేతికందాలట, పైనుంచి ఆర్డరు. ఎంత ఎత్తులో పెడతావమ్మా?"

అప్పుడామె అదే చేత్తో తన నడుం దగ్గర కొలిచి, మురిపెంగా చూపించింది.

"మావాడు ఇంతుంటాడు సార్."