ఆరో చెంచా

"ముందు కుళాయి దగ్గర చూడండి" అంది చిన్నకోడలు.

"ముందు మెట్ల దగ్గర చూడమనండి" అంది పెద్దకోడలు తన వంటింటి గుమ్మంలోంచి, గాలికి చెబుతున్నట్టు.

మ్యూజియం ఉద్యోగి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అది నూట యాభై ఏళ్ళ నాటి ఇల్లు. పెరట్లో కొత్త కాలువ తవ్వేలోగా మట్టిలో పాత నాణేలో పనిముట్లో ఉన్నాయేమో చూసి రమ్మని అతన్ని పంపారు. పొడుగాటి కర్రకి పళ్ళెం తగిలించినట్టున్న యంత్రం పట్టుకొచ్చాడు. లోహం తగిలితే అది కుయ్యిమంటుంది. పెరడంతా తాళ్ళు కట్టి గళ్ళు చేశాడు కూడా.

"వరసలో వస్తానమ్మా. గడి తప్పితే మా పైవాళ్ళు ఊరుకోరు" అన్నాడు.

చిన్నకోడలికి కాళ్ళు నిలవడం లేదు. కుళాయి పక్కన జానెడు లోతున వెండి చెంచా ఉంది మరి. నిన్న మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే తనే పాతిపెట్టింది.

అసలు చెంచా పోయి మూడేళ్ళయింది. పిడి మీద ఆకు చెక్కిన ఆరు చెంచాలు, అత్తగారి సొత్తు. ఒకటి కనబడకుండా పోయింది. "ఎంగిలి గిన్నెలతో పాటు నువ్వే పారబోసుంటావు" అంది పెద్దకోడలు. "మీరే మీ పుట్టింటికి చేరేసుంటారు" అంది చిన్నకోడలు. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది గానీ, ఏం లాభం? మర్నాటి నుంచి ఆ ఇంట్లో రెండు పొయ్యిలు. అక్కాచెల్లెళ్ళలా మెలిగిన తోడికోడళ్ళకి మాటల్లేవు. కూర మాడితే చెప్పుకుని నవ్వడానికి మనిషి లేక చిన్నకోడలు బెంగపెట్టుకుంది. అందుకే ఉన్న చెంచా చూపించి అలాంటిదే ఇంకోటి చేయించింది. గిన్నెలు కడిగే చోట దొరికితే తప్పు తనదేనని తేలుతుంది. తేలనీ. అక్క మీద వేసిన నింద పోతే అదే పదివేలు.

అత్తగారు గోడ నీడన ప్లాస్టిక్ కుర్చీలో దర్జాగా కూర్చుని తమాషా చూస్తున్నారు. చేతిలో కాఫీ గ్లాసు. రోజుకి ఒక్క కాఫీ మించకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ ఒక్కటీ చిన్నకోడలే కలిపి ఇస్తుంది.

మెట్ల దగ్గర యంత్రం కుయ్యిమంది.

చిన్నకోడలు ఉలిక్కిపడింది. అక్కడ తనేమీ పెట్టలేదే! ఉద్యోగి చిన్న తాపీతో నాలుగుసార్లు గీకాడు. మట్టిలోంచి వెండి చెంచా బయటపడింది. పిడి మీద ఆకు.

పెద్దకోడలు గుమ్మం దిగి పరుగున వచ్చింది. "అయ్యో, ఇక్కడే పడిందా! ఆ రోజు మెట్ల మీద కూర్చుని తిన్నది నేనే. విన్నారా అత్తయ్యా, తప్పు నాదే!"

చిన్నకోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెంచా దొరికింది! అక్కా అని పిలవబోయింది. అంతలో కుళాయి గుర్తొచ్చి ఆగిపోయింది. ఆరు చెంచాలు ఏడైతే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

"ఇక చాలండీ, ఎండ ముదిరింది. మిగతాది రేపు చూసుకుందురుగాని" అంది.

"ఇంకా పదకొండు గళ్ళున్నాయమ్మా" అన్నాడతను. అక్కడి నుంచి మూడో గడిలోనే కుళాయి ఉంది. కుయ్యి!

రెండో చెంచా బయటికొచ్చింది. అతను రెండింటినీ పక్కపక్కన పెట్టి తల గోక్కున్నాడు. "ఏమ్మా, ఇవి మూడేళ్ళుగా మట్టిలో ఉన్నవి కావు. నిన్నో మొన్నో పెట్టినట్టున్నాయి. మన్ను కూడా సరిగ్గా అంటలేదు."

తోడికోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వూనా?" అంది పెద్దకోడలు.

"మీరూనా అక్కా?"

"చెంచాలు చేసేవాడు నన్ను చూసి ముసిముసిగా నవ్వాడే! ఇదన్నమాట సంగతి."

"నన్ను చూసీ నవ్వాడక్కా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. మూడేళ్ళ మాటలన్నీ ఒకేసారి మొదలయ్యాయి. ఎవరేమంటున్నారో ఇద్దరికీ పట్టలేదు. పెద్దకోడలు చిన్నదాని చెయ్యి పట్టుకుని మరి వదల్లేదు. కాసేపటికి తనే అడిగింది, "అయితే అసలుది ఏమైనట్టు?"

అప్పటికి ఉద్యోగి చివరి గడికి వచ్చాడు. ఆ గడిలోనే అత్తగారి కుర్చీ ఉంది.

"కాస్త లేస్తారా మామ్మగారూ?"

"మోకాళ్ళు పట్టేశాయి నాయనా. ఇక్కడేమీ లేదులే, పో."

అతను లేపలేక కుర్చీ చుట్టూ యంత్రం తిప్పాడు. అత్తగారి ఒడి దాకా వచ్చేసరికి అది కుయ్యి కుయ్యిమని గోల పెట్టింది.

"కుర్చీ మేకులయ్యుంటాయి" అన్నారు అత్తగారు.

"ప్లాస్టిక్ కుర్చీకి మేకులెక్కడివి అత్తయ్యా?" అన్నారు కోడళ్ళిద్దరూ ఒక్క గొంతుతో.

అత్తగారు ఆకాశంలోకి చూశారు. నేలలోకి చూశారు. చివరికి ఒళ్ళో ఉన్న కళ్ళజోడు సంచిలో చెయ్యి పెట్టి చెంచా తీశారు. పిడి మీద ఆకు, మొనకి నాలుగు పంచదార పలుకులు.

"దొంగతనంగా పంచదార తిందామని తీశాను. దెబ్బలాడుకుంటున్నారని చెప్పేద్దామనే అనుకున్నానమ్మా" అన్నారు చిన్నబోయిన మొహంతో. "కానీ మర్నాడు, 'ఇవాళ్టికి ఇదొక్కటే అత్తయ్యా' అంటూ ఇద్దరూ ఒకరికి తెలీకుండా ఒకరు చెరో కాఫీ తెచ్చారు!"